తెల్లవారుజామున ఒక్క రోడ్డు

తెలుగు రాష్ట్రాల మున్సిపల్ కమిషనర్లకు, పోలీసు కమిషనర్లకు, జిల్లా ఎస్పీలకు



హనుమకొండలో పొద్దున్నే పరుగెత్తే ఒక బృందం తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది రిజిస్టరైన సంఘం కాదు. ఆఫీసు లేదు, ఫ్లెక్సీలు లేవు, చందాలు లేవు. ఒక వాట్సాప్ గ్రూపు మాత్రం ఉంది. రాత్రి తొమ్మిది దాటాక ఎవరో ఒకరు "రేపు నక్కలగుట్ట, ఐదింటికి" అని పెడతారు. వచ్చేవాళ్ళు ఒక బొటనవేలు బొమ్మ పెట్టి పడుకుంటారు. తెల్లారి ఐదింటికి పదిమందో, ముప్పైమందో అక్కడ నిలబడి చేతులూ కాళ్ళూ విదిలిస్తూ ఉంటారు. ఇలాంటి బృందాలు ఇప్పుడు తెలుగు ఊళ్ళన్నిటా పుట్టుకొస్తున్నాయి. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాయి. మీ ఆఫీసు సిబ్బందిలోనే ఒకరిద్దరు వాటిలో ఉన్నా ఆశ్చర్యం లేదు. అందుకే ఈ ఉత్తరం ఒక్క మా ఊరి అధికారులకు కాకుండా మీ అందరికీ రాస్తున్నాను.

అడగాల్సింది మొదటే అడిగేస్తాను. ప్రతి పట్టణంలో మూడు నాలుగు కిలోమీటర్ల పొడవున్న ఒక్క రోడ్డును తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు దాకా మోటారు వాహనాలు రాకుండా ఆపి, నడిచేవాళ్ళకూ పరుగెత్తేవాళ్ళకూ వదిలిపెట్టండి. రోజూ కుదరదంటే ఆదివారాలతో మొదలుపెట్టండి.

మా బృందంలో ఎవరెవరున్నారో ముందు చెప్పాలి. ఎందుకంటే రన్నింగ్ గ్రూపు అనగానే ఖరీదైన షూస్, చేతికి జీపీఎస్ వాచీ పెట్టుకున్నవాళ్ళే చాలామంది కళ్ళముందు మెదులుతారు. అట్లాంటివాళ్ళు మాలోనూ ఉన్నారు, ఉంటే తప్పేమీ లేదు. కానీ వాళ్ళ పక్కనే ఒక ఆర్టీసీ డ్రైవరన్న పరుగెడతాడు. నైట్ డ్యూటీ దిగిన రోజు కూడా ఐదు కిలోమీటర్లు పూర్తిచేసుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు. పగలంతా బట్టల షాపులో నిలబడే ఉద్యోగం చేసే చెల్లె ఒకామె ఉంది. ఇద్దరు నర్సులున్నారు. మెడికల్ షాపు ఆయన, డిగ్రీ కాలేజీ లెక్చరర్, ఒక టైలర్ ఉన్నారు. టైలరన్నకు నలభై ఏళ్ళకే షుగరు బయటపడింది. డాక్టరు నడవమంటే నడక మొదలుపెట్టి, నడక నుంచి జాగింగ్‌కు, జాగింగ్ నుంచి పది కిలోమీటర్లకు వచ్చాడు. కాజీపేట రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన అందరికంటే ముందు వస్తాడు, అందరికంటే వెనక పరుగెడతాడు. వెనకబడ్డవాళ్ళు చీకట్లో ఒంటరిగా మిగిలిపోకూడదని ఆయన పెట్టుకున్న నియమం అది. ఎవరూ ఆయన్ను అట్లా చెయ్యమని అడగలేదు.

ఇప్పుడు మా దగ్గర ఎక్కువ మాట్లాడుకునేది హైదరాబాద్ మారథాన్ గురించి. అది ఆగస్టులో ఉంటుంది. హైదరాబాద్ రన్నర్స్ వాళ్ళు 2007లో ఒక చిన్న గుంపుగా మొదలై, 2011 నుంచి ఆ మారథాన్ జరుపుతున్నారు. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై, ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, గచ్చిబౌలి దాకా పోయే దారి. ఉక్కపోత, ఎత్తుపల్లాలు రెండూ ఉన్న కష్టమైన రూటు. దానికోసం మావాళ్ళు కాజీపేట బ్రిడ్జి మీద ఎక్కుతూ దిగుతూ ప్రాక్టీసు చేస్తారు. వారమంతా ఐదూ ఎనిమిదీ కిలోమీటర్లు, ఆదివారం మాత్రం పదిహేనో ఇరవయ్యో. లాంగ్ రన్ అయిపోయాక చాయ్ బండి దగ్గర చేరితే అరగంటకు తక్కువ కాకుండా ముచ్చట్లు నడుస్తాయి. ఎవరి మోకాలు నొప్పి, ఎవరి కూతురికి ఇంటర్‌లో ఎన్ని మార్కులు, ఎవరి నాన్నకు ఆపరేషన్, ఎవరికి రక్తం కావాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఒకరోజు రక్తం కావాలని అక్కడ చెప్పుకుంటే గ్లాసు కింద పెట్టి ముగ్గురు అట్నుంచటే ఆసుపత్రికి పోయారు. ఒక్కో వీధిలో పదేళ్ళు పక్కపక్కన ఉన్నా పేరు తెలియని మనుషులు ఇక్కడ నెల తిరగకముందే అన్నా, అక్కా, చెల్లె అయిపోతున్నారు. రైల్వే పెద్దాయన అందరికీ బాపు.

ఇంకొక పద్ధతి కూడా మాలో మెల్లగా ఏర్పడింది. మారథాన్లు పరుగెత్తేవాళ్ళు ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక షూస్ మార్చేస్తారు. ఇదివరకు అవి ఇంట్లో మూలన పడుండేవి. ఇప్పుడు ఉతికి, లోపల సైజు రాసి, ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నారు. అవి పోలీసు ఉద్యోగాల కోసం, అగ్నివీర్ ర్యాలీ కోసం తయారయ్యే పిల్లలకు పోతున్నాయి. ఉత్త కాన్వాసు బూట్లతో సిమెంటు రోడ్డు మీద పరుగెత్తి పిక్కలూ మడమలూ పాడు చేసుకున్న పిల్లలను మేం చాలామందిని చూశాం.

ఈ పిల్లల గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. పోలీసు కమిషనర్లకూ ఎస్పీలకూ మరీ ముఖ్యంగా చెప్పాలి, రేపు మీ దగ్గర పనిచెయ్యబోయేది వాళ్ళే కాబట్టి. 2022లో తెలంగాణలో వచ్చిన పోలీసు నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద అయితే మగపిల్లలకు నాలుగు రౌండ్లు, రౌండుకు నిమిషం 48 సెకన్ల పైచిలుకు. ఆడపిల్లలకు రెండు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాల 40 సెకన్లు. చదివేవాళ్ళకు ఇది తేలిక అనిపించవచ్చు. కానీ పరుగు అలవాటు లేని పిల్లకు, హాస్టల్ అన్నం తిని, పగలంతా కోచింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చునే పిల్లకు, ఆ రెండో రౌండు ఒక కొండ.

పర్వతగిరి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాతో కలిసింది. మొదటి 400 మీటర్లు రెండు నిమిషాలకే కొట్టేసేది, ఆ తర్వాత సగం దూరం పోయేసరికి నడుము పట్టుకుని ఆగిపోయేది. మాలో బ్యాంకులో పనిచేసే ఒక అక్క ఉంది, యాభై దాటింది. ఆమె ఈ పిల్లను పక్కన పెట్టుకుంది. డివైడరు రాళ్ళ మీద చాక్‌పీసుతో గీతలు గీసి, 400, 800 అని రాసింది. "నా ముంగటికి ఉర్కకు బిడ్డా, నా పక్కపొంటే ఉండు" అని మొదటి రౌండంతా ఆపి ఆపి నడిపించింది. రెండో రౌండు వచ్చేసరికి పిల్ల ఊపిరి ఎగబీలుస్తూ "అక్కా, ఇగ నాతోని కాదు" అంటే, "మాట్లాడతానవంటే ఇంకా దమ్మున్నట్టే, నడువు" అని ముందుకు తోసింది. మారథాన్లలో ఇట్లా పక్కన ఉండి వేగం పట్టించేవాళ్ళను పేసర్ అంటారు. మా అక్క ఎప్పుడూ ఏ మారథాన్‌లోనూ పేసర్‌గా చెయ్యలేదు. పది కిలోమీటర్లకు మించి పరుగెత్తనూ లేదు. కానీ ఆ పిల్ల వెనక వాచీ పట్టుకుని ఆమె పడ్డ తాపత్రయం చూస్తే, ఈ బృందం ఎందుకు ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ జరిగిన ఒక్క సంగతి చెప్తాను. ఆ పిల్ల మొదటిసారి టైములో పూర్తిచేసేటట్టు ఉన్న రోజు, చివరి వంద మీటర్లలో ఎదురుగా హైబీమ్ లైట్లతో ఒక కారు దూసుకొచ్చింది. కళ్ళు కనబడక ఇద్దరూ డివైడరు ఎక్కి నిలబడిపోయారు. కారు వెళ్ళిపోయింది, వాచీలో టైము కూడా వెళ్ళిపోయింది. పిల్ల డివైడరు మీదే కూర్చుని ఏడ్చింది. ఆ పిల్లది పర్వతగిరి వైపు అన్నాను కదా, ఆ మండలంలోనే కల్లెడ అనే ఊరుంది. ఆ ఊరి బిడ్డ జీవాంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో అప్పటికి ప్రపంచ రికార్డు కొట్టి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆ పతకాలకు మనమందరం చప్పట్లు కొట్టాం. దీప్తి అంత వేగం అందరికీ రాదు, రానవసరం లేదు. పక్క ఊరి పిల్ల రెండు రౌండ్లు భయం లేకుండా పరుగెత్తగలిగితే ఆ పిల్లకు ఒక ఉద్యోగం వస్తుంది, ఇంటికి ఒక జీతం వస్తుంది.

మరి స్టేడియం ఉంది కదా అంటారు. ఉంది. మా జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అట్లాంటి సింథటిక్ ట్రాక్ మన జిల్లాల్లో ఎన్ని ఊళ్ళకు ఉంది? ఉన్నచోట దాన్ని అథ్లెట్లకు వదలాలి, మనలాంటివాళ్ళం వందలమంది ఎక్కి తొక్కితే అది పాడవుతుంది. పైగా ఇరవై కిలోమీటర్ల పరుగంటే ఆ ట్రాక్ మీద యాభై చుట్లు. అందరూ ఒకే వైపు తిరుగుతూ యాభై చుట్లు కొడితే ఒక కాలి మీద భారం ఎక్కువ పడుతుంది. దూరం పరుగెత్తేవాళ్ళకు రోడ్డే మైదానం, ఏ దేశంలోనైనా అంతే.

ఫుట్‌పాత్ సంగతి కూడా మీకు తెలిసిందే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి తన మార్గదర్శకాల్లో నివాస ప్రాంతాల్లో సైతం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా ఉండాలని చెప్పింది. 2025 మే 14న సుప్రీంకోర్టు ఆక్రమణలు లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేననీ చెప్పింది. ఆ తీర్పు అమలు కావాలని గట్టిగా కోరుకునేవాళ్ళలో మేమూ ఉన్నాం. అయితే ట్రాన్స్‌ఫార్మర్లు పక్కకు జరిగి, సెల్లార్ ర్యాంపులు తొలగి, ఫుట్‌పాత్ మొత్తం ఒక్క తీరుగా తయారవడానికి సంవత్సరాలు పడుతుంది. మేం అడిగేది వచ్చే ఆదివారం నుంచే చెయ్యగలిగింది.

తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయి కదా, ఆపడం ఎందుకని కొందరు అధికారులు అడగవచ్చు. ఖాళీ రోడ్డే మాకు భయం. పగలు ట్రాఫిక్‌లో ముప్పై మీద పోయే బండి, ఐదింటికి ఎనభై మీద పోతుంది. రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్న డ్రైవరు, ఎయిర్‌పోర్టు నుంచి మనుషుల్ని దింపి వెనక్కి పోయే ట్యాక్సీ, పెళ్ళి ఊరేగింపు అయ్యాక ఇంటిదారి పట్టిన కుర్రాళ్ళు, అందరూ ఆ టైములోనే రోడ్డు మీద ఉంటారు. నడిచే మనిషికి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తగిలే కారు కంటే 65తో తగిలే కారు వల్ల చావు ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మేం జాగ్రత్తలు తీసుకోకుండా లేము. రోడ్డుకు కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేటట్టు పరుగెడతాం. లేత రంగు బట్టలు వేసుకుంటాం, నడుముకు రిఫ్లెక్టర్ పట్టీ కట్టుకుంటాం, చెవుల్లో పాటలు పెట్టుకోవద్దని ఒకరికొకరం చెప్పుకుంటాం. అయినా నిరుడు వానాకాలంలో మా నర్సక్కను రాంగ్ రూట్‌లో వెనకనుంచి వచ్చిన బైకు కొట్టింది. మోచెయ్యి విరిగింది. ఆ కుర్రాడు పారిపోలేదు, తానే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రాత్రంతా మేల్కొని ఇంటికి పోతున్నాడు, మూతపడే కళ్ళతో బండి నడుపుతున్నాడు. అతన్ని తిట్టాలని మాలో ఎవరికీ అనిపించలేదు. ఆ టైములో ఆ రోడ్డు మీద అతనూ, ఆమె ఒకేచోట ఉండాల్సిన అవసరం లేకుండా చేస్తే చాలు.

మా నర్సక్క మోచేతితో బయటపడింది. 2023 జూలైలో హైదరాబాద్ శివారు బండ్లగూడ జాగీర్ పరిధిలో మార్నింగ్ వాక్‌కు బయల్దేరిన తల్లీకూతుళ్ళు అట్లా బయటపడలేదు. అదుపు తప్పి వచ్చిన కారు ఇద్దరినీ పొట్టన పెట్టుకుంది. 89వ ఏట లండన్‌లో మొదటి మారథాన్ పరుగెత్తి, నూరేళ్ళ వయసులో 2011లో టొరంటో మారథాన్ పూర్తిచేసిన ఫౌజా సింగ్ పేరు మీరు వినే ఉంటారు. ప్రపంచమంతా పరుగెత్తిన ఆ మనిషి 2025 జూలై 14న పంజాబ్‌లో తన సొంత ఊరి రోడ్డు మీద కారు కొట్టి చనిపోయాడు. 114 ఏళ్ళు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో 32,825 మంది కాలినడకన ఉన్నవాళ్ళే. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

ఇంకో విషయం మీరు దయచేసి మనసు పెట్టి చదవండి. ఆ టైములో రోడ్డు మీద మాకంటే ముందు ఉండేది పారిశుద్ధ్య కార్మికులు. మేం ఐదింటికి వచ్చేసరికే వాళ్ళు సగం వీధి ఊడ్చేసి ఉంటారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. ఒంటిమీద మెరిసే జాకెట్ తప్ప వాళ్ళకు రక్షణ లేదు. చీపురు పట్టుకుని వంగి, రోడ్డు అంచున, వాహనాలకు వీపు పెట్టి పనిచేస్తారు. మేం పక్కకు తప్పుకోగలం, పరుగు ఆపుకోగలం, ఆ రోజుకు ఇంట్లో ఉండిపోగలం. వాళ్ళకు అది లేదు. మేం దగ్గరికి వచ్చేసరికి దుమ్ము మా మీద పడకూడదని చీపురు ఆపి నిలబడతారు, మేం దాటాక మళ్ళీ మొదలుపెడతారు. వాళ్ళలో ఒకామె మా చాయ్ బండి దగ్గర కూర్చుని, "మీరు గుంపుగ వస్తే మాకూ ధైర్యమైతది, బండ్లోళ్ళు జర నెమ్మదిగ పోతరు" అంది. రోడ్డు మూసి ఉంటే ఆ రెండున్నర గంటల్లో వాళ్ళు ప్రాణభయం లేకుండా పని చేసుకోగలుగుతారు. మా పరుగు కోసం కాకపోయినా వాళ్ళ కోసమైనా ఈ పని చెయ్యదగ్గదని నేను అనుకుంటున్నాను.

రోడ్డు ఆపడం మీకు కొత్త కాదు. 2014 నుంచి ఏటా అక్టోబరు 31న సర్దార్ పటేల్ జయంతికి రన్ ఫర్ యూనిటీ జరుపుతున్నారు. ఆరోగ్య దినం, ఓటరు దినం, డ్రగ్స్ వ్యతిరేక దినం, ఏది వచ్చినా టూకే రన్ పెడతారు. ముందురోజు రాత్రికే బారికేడ్లు వస్తాయి, ట్రాఫిక్ మళ్ళింపు ప్రకటన పేపర్లో వస్తుంది, పొద్దున్నే హోంగార్డులు నిలబడతారు. పిల్లలకు టీషర్టులు, నీళ్ళ సీసాలు ఇస్తారు. ఒక గంట ఆ రోడ్డు ఎంత బాగుంటుందో మీరూ చూశారు. మర్నాడు పొద్దున అదే రోడ్డు మీద అదే పిల్ల పరుగెత్తడానికి వస్తే దారి ఉండదు. ఆ టీషర్టుల మీద పెట్టే డబ్బు బారికేడ్ల మీద పెట్టండని నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. పిల్లలకు కావాల్సింది పరుగెత్తే చోటు.

మన దగ్గర ఉదాహరణలు కూడా ఉన్నాయి. విశాఖలో బీచ్ రోడ్డు మీద కోస్టల్ బ్యాటరీ వైపు నుంచి పార్క్ హోటల్ దాకా పొద్దున పూట వాహనాలు ఆపి నడిచేవాళ్ళకు వదిలే పద్ధతి పెట్టారు. హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రం ఐదు నుంచి పది దాకా వాహనాలు ఆపి సండే ఫండే పెట్టినప్పుడు జనం పిల్లాపాపలతో కదిలొచ్చారు. గురుగ్రామ్‌లో ఇట్లాగే రోడ్డును కార్లకు మూసి జనానికి వదిలే రాహ్‌గీరీ 2013 నవంబరులో మొదలైంది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలైన ఈ పద్ధతిలో ఇప్పుడు ఆదివారాల్లో వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా కార్లకు మూసేస్తున్నారు. ఆ నగరం స్తంభించిపోలేదు. మేం అడిగేది అందులో ఇరవయ్యో వంతు కూడా కాదు.

అధికారం విషయానికొస్తే, మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రజల భద్రత, సౌకర్యం కోసం ఫలానా రోడ్డు మీద వాహనాలను ఆపే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం అధికారమిచ్చిన వాళ్ళకూ ఇస్తోంది. నెలకు మించని ఆంక్షకు గెజిట్‌లో నోటిఫికేషన్ కూడా అక్కర్లేదని, స్థానికంగా తగిన ప్రచారం చేస్తే చాలని ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి ముందు ఒక్క నెల పెట్టి చూడండి. ఎంతమంది వచ్చారో, ఎవరికి ఇబ్బందైందో మీ కానిస్టేబులే లెక్క రాస్తాడు. నచ్చకపోతే ఎత్తెయ్యండి.

ఏ రోడ్డు అన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. బస్సు రూటు మీద వద్దు, పెద్దాసుపత్రి దారి వద్దు, కూరగాయల మార్కెట్‌కు పోయే దారి అసలే వద్దు. పల్లెల నుంచి రైతులు సరుకు తెచ్చే టైము కూడా అదే, వాళ్ళను చుట్టూ తిప్పి మేం పరుగెత్తడం న్యాయం కాదు. చెరువు గట్టు పక్క రోడ్డో, యూనివర్సిటీ ముందు రోడ్డో, రెండు వైపులా వేరే దారి ఉన్న కాలనీ మెయిన్ రోడ్డో చూడండి. పాలవాళ్ళ సైకిళ్ళు, పేపరు వేసే పిల్లల సైకిళ్ళు ఎట్లాగూ పోతూనే ఉంటాయి. ఆ రోడ్డు మీదే ఇళ్ళున్నవాళ్ళు బండి తియ్యాల్సి వస్తే నెమ్మదిగా తీసుకుపోనివ్వండి. అంబులెన్సుకు బారికేడు పక్కకు జరపడానికి ఎంతసేపు?

దీనితో పాటు రెండు చిన్న పనులు కూడా అడుగుతున్నాను. జనవరిలో మా దగ్గర సూర్యుడు ఆరూముక్కాలు ప్రాంతంలో గానీ పైకి రాడు, జూన్‌లో ఐదున్నర దాటగానే వచ్చేస్తాడు. వీధి దీపాలు గడియారం చూసి కాకుండా తెల్లారింది లేనిది చూసి ఆర్పితే చీకటి నెలల్లో మాకూ, ఊడ్చేవాళ్ళకూ మేలు. రెండోది మా ఆడవాళ్ళ మాట: ఆ రోడ్డు మీద ఒక్క పబ్లిక్ టాయిలెట్ అయినా ఐదింటికల్లా తాళం తీసి, నీళ్ళతో ఉండాలి. బృందంలో చేరి నెలలోపే మానేసిన ఆడవాళ్ళలో చాలామంది చెప్పిన కారణం ఇదొక్కటే. పరుగు చేతకాక ఎవరూ మానలేదు.

ఈ పొద్దుటి పూట బృందాల్లో కులం అడగరు, జీతం అడగరు, ఫీజు కట్టమనరు. ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వకుండానే మనుషులు తమంతట తామే కలుసుకుని, ఒకరి ఆరోగ్యం ఒకరు పట్టించుకుంటున్నారు. ఇంతకు ముందు ఊళ్ళలో రచ్చబండ దగ్గర, చెరువు దగ్గర, బావి దగ్గర జరిగిన కలయిక పట్టణంలో ఇప్పుడు ఇక్కడ జరుగుతోంది. అది నిలబడాలంటే నేల కావాలి.

మా వంతు మేం చేస్తాం. బారికేడ్లు మీరు ఇస్తే పొద్దున నాలుగుంబావుకు పెట్టి, ఏడింటికి తీసి, చెప్పినచోట అప్పగించే బాధ్యత మాది. రెండు చివర్లా ఇద్దరేసి వాలంటీర్లు ఉంటారు, వచ్చిన బండివాళ్ళకు చుట్టుదారి చూపిస్తారు. ఎవరు ఏ రోజు అన్నది మా డ్రైవరన్న ఇప్పటికే డ్యూటీ చార్టు రాసి పెట్టాడు, వాడకట్టు పెద్దలతో మాట్లాడే పని లెక్చరర్ గారు తీసుకున్నారు. ఒక ఆదివారం ఐదింటికి మీరే వచ్చి ఆ రోడ్డు మీద నిలబడి చూడండి. యూనిఫాం అక్కర్లేదు, చెప్పులతో వచ్చినా సరే. బాపు మీతో కలిసి వెనక నడుస్తాడు. ఆ రోడ్డు ఏదన్నది, ఎప్పటి నుంచన్నది మీరు చెప్పాలి.

ఇట్లు,
హనుమకొండలో పొద్దున్నే పరుగెత్తేవాళ్ళ తరఫున
ఒక రన్నర్